తాళం తెగలేదు, సైకిల్ పోయింది: సముద్రం పక్కన ఒక కేసు

విశాఖపట్నంలో సైకిళ్ల సర్వీసు షాపు నడుపుతాను. సైకిల్ పోగొట్టుకున్నవాళ్లు పోలీస్ స్టేషన్ తర్వాత వచ్చేది మా దగ్గరికే. కొందరు స్టేషన్ కంటే ముందే వస్తారు. వచ్చి అందరూ అడిగేది ఒకటే: "దీనికంటే లావు తాళం ఇవ్వండి." ఈ కేసులో లావు తాళం కొన్నాక కూడా కష్టం తీరలేదు. ఎందుకు తీరలేదని వెతుక్కుంటూ పోతే తాళం లోపలి స్ప్రింగుల దాకా, అక్కణ్నుంచి సముద్రపు ఉప్పు దాకా వెళ్లాల్సి వచ్చింది. తీరం వెంబడి ఊళ్లలో సైకిల్ ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను.

నేపథ్యం

ఆయన యాభై దాటిన ఉద్యోగి. షుగర్ వచ్చాక డాక్టర్ చెబితే గేర్ల సైకిల్ కొన్నారు. లాసన్స్ బే వైపు అపార్ట్‌మెంట్. బాల్కనీలో నిలబడితే అలల చప్పుడు వినిపిస్తుంది. సైకిల్ ఉండేది సెల్లార్‌లో. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు కాబట్టి ఆ వేళకి బయలుదేరి, ఆర్కే బీచ్ దాకా తొక్కి, తిరిగొస్తూ దారిలో టిఫిన్ సెంటర్ దగ్గర ఆగుతారు. షుగర్ ఉన్న మనిషికి రోజూ ఆ పూరీ ఎందుకని నేను అడగలేదు. సైకిల్ పోయింది ఆ టిఫిన్ సెంటర్ దగ్గరే.

సమస్య ఏమని చెప్పారు

నంబర్ లాక్ ఉన్న కేబుల్‌ని టేబుల్ మీద పడేసి, "ఇది పనికిరాని సరుకు బాబూ, గట్టిది చూపించు" అన్నారు. కొత్త సైకిల్ అప్పటికే బుక్ చేశారట.

తాళం అమ్మే ముందు పాత తాళాన్ని చూడటం నా పద్ధతి. ఎలా పోయిందో అది చాలావరకు చెప్పేస్తుంది. కటింగ్ ప్లేయర్‌తో కోసిన కేబుల్ చివర తీగలు ఒక్కొక్కటి ఒక్కో పొడవున, కుచ్చులా విచ్చుకుని ఉంటాయి. బోల్ట్ కట్టర్‌తో కోస్తే రెండు పక్కలా నొక్కుకుపోయి, మధ్యలో గట్టులా లేచి ఉంటుంది. గ్రైండర్ అయితే కోత తిన్నగా, అంచున నీలి రంగు కాలిన మచ్చతో కనిపిస్తుంది. ఈ కేబుల్‌కి ఇవేవీ లేవు. ప్లాస్టిక్ తొడుగు మీద గీత కూడా లేదు.

"సార్, ఇది తెగలేదు."

"తెగకపోతే ఎలా పోతుంది? నేను వేశాను. బాగా గుర్తుంది."

"ఒకసారి వేసి చూపించండి."

కుర్చీ కోడుకి చుట్టి, క్లిక్‌మనిపించి, బొటనవేలితో ఆఖరి చక్రం ఒక్కటి అటు తిప్పి వదిలేశారు. అంతే. మళ్లీ తీసేటప్పుడు సులువని అలా అలవాటు చేసుకున్నారు. నాలుగు చక్రాల తాళానికి పది వేల నంబర్లుంటాయి. మూడు చక్రాలు సరైన చోటే ఉంచి ఒక్కటి కదిపితే మిగిలేవి పది. రోజూ ఒకే చోట, ఒకే వేళకి ఆగే సైకిల్ అది. పక్కన టీ తాగుతూ ఒకటి రెండు రోజులు గమనించినవాడికి ఆ పది కూడా అక్కర్లేదు.

ఇక్కడ నాకు రెండు దారులు కనిపించాయి. అలవాటు మార్చుకోమని చెప్పి అదే కేబుల్ తిరిగి ఇవ్వొచ్చు. కానీ కేబుల్ సంగతి నాకు తెలుసు. స్క్రాప్‌లోంచి అలాంటిదే ఒక ముక్క తీసి ఆయన ముందే మామూలు కటింగ్ ప్లేయర్‌తో కోసి చూపించాను. వేలంత లావు కనిపించేది చాలావరకు ప్లాస్టిక్కే, లోపల ఉండేది సన్నని తీగల పేట. నాలుగైదు నొక్కులకి అయిపోయింది. హెల్మెట్ కట్టుకోవడానికి, సీటు ఎవరూ లాక్కుపోకుండా ఉండటానికి కేబుల్ చాలు. సైకిల్ మొత్తాన్ని దాని మీద వదలకూడదు. అందుకే యూ లాక్, అంటే U ఆకారంలో ఉండే ఉక్కు కడ్డీ తాళం సూచించాను. గట్టిపరిచిన ఉక్కుతో 13, 14 మిల్లీమీటర్ల కడ్డీ ఉన్న యూ లాక్‌ని మామూలు సైజు బోల్ట్ కట్టర్‌తో కొరకడం చాలా కష్టం. గ్రైండర్ దేన్నయినా కోస్తుంది, అది వేరే విషయం. పొద్దున టిఫిన్ సెంటర్ ముందు గ్రైండర్ తీసేవాడు మన దొంగ కాదు.

ఆయన ధర చూసి, "మా అబ్బాయి ఆన్‌లైన్‌లో చూస్తానన్నాడు" అని వెళ్లిపోయారు.

ఫిర్యాదు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్టేషన్‌లో ఫ్రేమ్ నంబర్ అడిగితే ఆయన దగ్గర లేదు. సైకిల్‌కి ఆర్సీ ఉండదు, నంబర్ ప్లేటు ఉండదు. పెడల్ ఇరుసు కూర్చునే గొట్టం కింద, సైకిల్ తిరగేస్తే కనిపించేలా కొట్టి ఉండే నంబరే దానికి ఆధారం. అది లేకపోతే రేపు దొరికిన సైకిల్ మనదేనని రుజువు చేయడం కష్టం. బిల్లు కూడా దాచుకోవాలి, దానికి ఇంకో కారణం ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో ఐదు వేల రూపాయల లోపు వస్తువుకి ఒక వెసులుబాటు ఉంది. మొదటిసారి దోషిగా తేలినవాడు వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవతో సరి. పాతబడ్డ సైకిల్ విలువ ఎంతని మాట వస్తే బిల్లే మాట్లాడాలి. కొత్త సైకిల్ వచ్చిన రోజే దాన్ని తిరగేసి నంబర్ ఫొటో తీయించాను.

మొదటి ప్రయత్నం, దాని గతి

కొడుకు తెప్పించింది పెద్ద గొలుసు. 10 మిల్లీమీటర్ల నలుచదరపు లింకులు, పైన గుడ్డ తొడుగు, చివర ఇత్తడి సిలిండర్ తాళం. బరువు మూడు కిలోల దాకా ఉంటుంది. సరుకు మంచిదే, తప్పు పట్టడానికి లేదు. గుండ్రటి లింకు కంటే నలుచదరపు లింకు కట్టర్ దవడలకి సరిగా చిక్కదు. సెల్లార్‌లో దేనికి కడుతున్నారని అడిగితే ఫోన్‌లో ఫొటో చూపించారు. పిల్లర్ చుట్టూ గొలుసు అందక, మేడ మీద నుంచి వాన నీళ్లు దిగే పీవీసీ గొట్టానికి చుట్టారు. వేల రూపాయల ఉక్కు గొలుసు, దాన్ని పట్టుకుని ఉన్నది హ్యాక్సా బ్లేడుతో చేత్తోనే కోసేయగల ప్లాస్టిక్ గొట్టం. దొంగ గొలుసు జోలికి పోనక్కర్లేదు. గొట్టం కోసి, సైకిల్‌ని గొలుసుతో సహా ఆటోలో వేసుకుపోతాడు, తీరిగ్గా ఇంటి దగ్గర తీసుకుంటాడు. అది మార్చమన్నాను. మారుస్తానన్నారు.

బయటికి మాత్రం ఆ గొలుసు వెళ్లడం మానేసింది. మూడు కిలోలు భుజాన వేసుకుని ఎవరు తొక్కుతారు? కొన్నాళ్లు మోశారు, తర్వాత సెల్లార్‌లోనే వదిలేశారు. టిఫిన్ దగ్గర తాళం లేకుండానే ఆపి, కంటికి కనిపించేలా కూర్చుంటున్నానని చెప్పారు. బలమైన తాళం కొన్న ఫలితంగా రోజులో అన్నిటికంటే ప్రమాదమైన ఆ పావుగంట సైకిల్‌కి ఏ తాళమూ లేకుండా పోయింది. బరువైన తాళం అమ్మేటప్పుడు నేను ఎప్పుడూ భయపడేది దీనికే.

జనవరిలో ఒక ఉదయం ఫోన్. గొలుసు తాళం రావడం లేదు, తాళంచెవి సగం తిరిగి ఆగిపోయింది. "బలం పెట్టకండి, నేను వస్తాను" అన్నాను. వెళ్లేసరికి చెవి విరిగి సగం లోపలే ఉంది. నూనె ఏమైనా వేశారా అని అడిగితే, తాళం బిగుసుగా ఉందని చాలా రోజులుగా కొబ్బరి నూనె వేస్తున్నారని ఇంట్లోవాళ్లు చెప్పారు. స్ప్రే కొట్టి, నెమ్మదిగా తట్టి, సన్నని కొక్కెంతో ముక్క లాగి చూశాను. అది వచ్చింది గానీ డూప్లికేట్ చెవి కూడా తిరగలేదు. ఇక కోయడమే.

వెల్డింగ్ షాపు కుర్రాణ్ని గ్రైండర్‌తో పిలిచాం. పగటిపూట, మనుషులు తిరిగే సెల్లార్. నిప్పురవ్వలు పిల్లర్ దాకా ఎగిరాయి. లింకు ఒక పక్క కోసి, తిప్పి, రెండో పక్క కోసే లోపు అటుగా వెళ్లినవాళ్లలో ఒక్కరూ ఎవరి సైకిల్ అని అడగలేదు. ఒకాయన మాత్రం రవ్వలు పడతాయని తన స్కూటర్ పక్కకి జరుపుకున్నారు. మొత్తం ఒక నిమిషం పైచిలుకు పట్టింది. వాచ్‌మన్ తెగిన లింకు పట్టుకుని, "ఏటి బాబూ, ఇంత బేగి తెగిపోద్దా!" అన్నాడు. సైకిల్ యజమాని ముఖంలో కంగారు అప్పుడు చూశాను. దొంగతనం జరిగిన రోజు కంటే ఎక్కువ టెన్షన్ పడ్డారు.

సిలిండర్ విప్పి చూస్తే

తెగిన తాళాన్ని షాపుకి తెచ్చి వైస్‌లో బిగించి విప్పాను. నాకు అసలు విషయం బోధపడింది ఇక్కడే. ఇది పిన్ టంబ్లర్ రకం. ఇత్తడి గొట్టంలో చిన్న చిన్న పిన్నులు, ఒక్కోదాని వెనక వెంట్రుక లావు స్ప్రింగు. స్ప్రింగు పిన్నుని తోస్తేనే తాళం పని చేస్తుంది. రెండు స్ప్రింగులు తుప్పు పట్టి పొడి పొడిగా రాలాయి. మిగతావి పసుపచ్చటి జిగట ముద్దలో కూరుకుపోయి ఉన్నాయి. ఆ ముద్దలో ఇసుక రేణువులు వేలికి తగిలాయి.

తుప్పు సంగతి ముందు. సముద్రపు గాలిలో ఉప్పు తుంపర లోహం మీద వాలి ఎండుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఆ ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది, వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే. మన ఊళ్లో ఆ తేమ ఏడాదిలో చాలా రోజులు ఉండేదే. అంటే వాన పడకపోయినా, సెల్లార్‌లో నీడన ఉన్నా, తాళం లోపల ఉప్పునీటి పొర తయారవుతూనే ఉంటుంది. మీదున్న గుడ్డ తొడుగు ఆ తడిని ఇంకా పట్టి ఉంచుతుంది. సముద్రానికి దూరంగా ఉండేవాళ్లు రాసిన తాళం సలహాల్లో ఈ మాట పెద్దగా కనిపించదు, వాళ్లకి ఆ బాధ లేదు.

ఇక కొబ్బరి నూనె. అది 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. విశాఖలో డిసెంబర్, జనవరి రాత్రులు 20 డిగ్రీల కిందికి దిగుతాయి. వేసవిలో నూనె వేసినప్పుడు తాళం హాయిగా తిరిగింది, అందుకే ఇంట్లోవాళ్లు వేస్తూ పోయారు. చలికాలం తెల్లవారుజామున, సరిగ్గా ఆయన సైకిల్ తీసే వేళకి, అది పిన్నుల చుట్టూ పేరుకుంది. పట్టుకున్న ఇసుకని మాత్రం ఏ కాలంలోనూ వదల్లేదు.

అప్పటిదాకా నేను కూడా ఈ కేసుని కడ్డీ మందం లెక్కలో చూస్తున్నాను. సిలిండర్ విప్పాక ప్రశ్న మారింది. ఈ ఇంటి దగ్గర, ఈ గాలిలో, ఆయన రోజూ పొద్దున విసుక్కోకుండా తీసి వేయగల తాళం ఏది?

ఏది పని చేసింది

ఒకే తాళంతో రెండు చోట్లా నెట్టుకురావాలన్న ఆలోచన మానేశాం. సెల్లార్‌లో దొంగకి రాత్రంతా టైముంటుంది. టిఫిన్ సెంటర్ దగ్గర క్షణాలే. మొదటి చోట బరువు ఎంతైనా ఫర్వాలేదు, ఎందుకంటే అది అక్కడే ఉండిపోతుంది. రెండో చోట తేలిక ముఖ్యం, లేకపోతే అది ఇంట్లోనే ఉండిపోతుంది.

సెల్లార్‌కి ముందు కావాల్సింది కట్టే చోటు. పిల్లర్‌కి డ్రిల్ చేస్తామంటే అసోసియేషన్ సెక్రటరీ గారు ఒప్పుకోలేదు. ఆయన భయం న్యాయమైనదే, పిల్లర్‌లో కమ్మీలు దెబ్బతింటే ఎవరు చూస్తారు? చివరికి మట్టిని ఆపే కాంక్రీట్ గోడకి, మోకాలి ఎత్తున, యాంకర్ బోల్టులతో ఉక్కు కొక్కెం బిగించాం. బోల్టు తల మీద ఆరు పలకల అలెన్ కీ దూరే గుంటలో చిన్న స్టీల్ గుండు కొట్టి మూసేశాను, అలెన్ కీ పెట్టి విప్పడానికి లేకుండా. మోకాలి ఎత్తు ఎందుకంటే, నేల మీద ఉంటే అక్టోబర్, నవంబర్ వానలకి సెల్లార్‌లో నీళ్లొచ్చినప్పుడు తాళం మునుగుతుంది. పైగా నేలకి ఆనిన గొలుసుని సుత్తితో కొట్టడం, కట్టర్ పిడిని నేలకి ఆన్చి బలంగా నొక్కడం తేలిక.

గొలుసు మళ్లీ 10 మిల్లీమీటర్లదే. సిలిండర్ మాత్రం డిస్క్ డిటైనర్ రకం. ఇందులో స్ప్రింగులు ఉండవు. గుండ్రటి రేకులు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి, చెవి తిప్పితే అవి తిరిగి గాడిలో కలుస్తాయి. 1907లో ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ కనిపెట్టిన పద్ధతి ఇది, అబ్లాయ్ తాళాలు అలా మొదలైనవే. తుప్పు పట్టి విరగడానికి స్ప్రింగే లేనప్పుడు ఉప్పుగాలికి దొరికేది సగం తగ్గుతుంది. కొనేటప్పుడు చెవి చూస్తే తెలుస్తుంది: రంపపు పళ్లలా కాకుండా, అర్ధచంద్రంలాంటి కడ్డీ మీద ఏటవాలు కోతలు ఉంటాయి. గొట్టంలా గుండ్రటి చెవి ఉన్న పాతరకం తాళాలు చవకగా వచ్చినా వద్దంటాను. 2004లో అమెరికాలో అలాంటి పేరున్న యూ లాకులే ప్లాస్టిక్ బాల్‌పెన్ గొట్టంతో తెరుచుకున్నాయి, కంపెనీ వాటిని మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

బయటికి చిన్న యూ లాక్, ఫ్రేమ్ మీదే క్లాంప్‌తో కూర్చునేది. ఇది కూడా డిస్క్ రకమే. పెద్దది అడిగారు, చిన్నదే ఇచ్చాను. లోపల ఖాళీ ఎంత ఎక్కువుంటే అందులో రాడ్డు దూర్చి మెలితిప్పడానికి అంత వీలు. వెనక చక్రం, ఫ్రేమ్ వెనక త్రికోణం, ఫుట్‌పాత్ గ్రిల్, మూడూ కలిపి పడితే దాదాపు ఖాళీ మిగలదు. తాళం రంధ్రం కింది వైపు ఉండాలని కూడా చెప్పాను, వాన నీళ్లు అందులో నిలవవు. గ్రిల్ ఎంచుకునే ముందు ఒకసారి పట్టుకుని ఊపమన్నాను. "నో పార్కింగ్" బోర్డు స్తంభాలు చాలాచోట్ల పునాది వదులై చేతికే వచ్చేస్తాయి, పొట్టివైతే సైకిల్‌ని పైనుంచి ఎత్తేయొచ్చు. ముందు చక్రానికి లివర్‌తో తెరుచుకునే క్విక్ రిలీజ్ ఉంటే దాన్ని తీసి అలెన్ కీతో విప్పే ఇరుసు వేశాను.

మెయింటెనెన్స్ నెలకి ఒకసారి, ఆయనే చేస్తున్నారు. మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తాళం మీది ఉప్పు తుడవాలి. తడి తోసేసే స్ప్రే రంధ్రంలో కొట్టి, రంధ్రం కిందకి పెట్టి, కారేదంతా కారనివ్వాలి. మురికి నల్లగా వస్తుంది. డబ్ల్యూడీ-40 ఈ కడుగుడుకి బాగుంటుంది, ఆ పేరులో డబ్ల్యూడీ అంటేనే నీటిని తోసేయడం. అయితే అది లోపల ఎక్కువ రోజులు నిలవదు, దాంతోనే పని అయిపోయిందనుకోకూడదు. ఆరాక పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఉన్న డ్రై లూబ్, అంటే జిడ్డు మిగల్చకుండా ఆరిపోయే కందెన, రెండు చుక్కలు వేసి, చెవి పెట్టి పదేపదే తిప్పి, చెవికి అంటింది తుడిచేయాలి. పెన్సిల్ ముల్లు పొడి, అంటే గ్రాఫైట్, వేయమని పాతవాళ్లు చెబుతారు. పొడి ఊళ్లలో అది మంచి సలహానే. ఉప్పు తడి ఉన్నచోట మాత్రం గ్రాఫైట్ పక్కనున్న లోహాన్ని త్వరగా తినేయిస్తుంది, నూనెతో కలిస్తే ముద్దవుతుంది. అందుకే ఇక్కడ వద్దన్నాను. గొలుసు గుడ్డ తొడుగుని విప్పి ఉతికి ఎండలో ఆరేస్తారు. కొత్త చెవి కావాలంటే వాడకుండా దాచిన డూప్లికేట్ నుంచే తీయించాలి. అరిగిన చెవికి నకలు తీస్తే అరుగు కూడా దాంట్లోకి వస్తుంది.

తర్వాతి వానాకాలం, ఆ తర్వాతి చలికాలం కూడా గడిచాయి. సర్వీసుకి వచ్చినప్పుడు రెండు తాళాలూ నేనే తిప్పి చూశాను, చెవి వేలి బలానికి తిరిగింది. యూ లాక్ కడ్డీ మీద రంగు గీతలు బాగా పడ్డాయి. రోజూ వాడుతున్నారనడానికి నాకు ఆ గీతలు చాలు.

ఈ కేసు తర్వాత షాపులో మారినవి

ఎవరైనా లావు తాళం అడిగితే ధర చెప్పే ముందు కట్టే చోటు ఫొటో అడుగుతున్నాను. పాత తాళాన్ని నా ముందు వేసి చూపించమంటున్నాను, నంబర్ లాక్ అయితే తప్పనిసరిగా. ఇల్లు సముద్రానికి ఎంత దూరమో కూడా అడుగుతాను. తీరానికి కాస్త దూరంగా మద్దిలపాలెం వైపు ఉన్న ఇంటికి పిన్ టంబ్లర్ తాళం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, బీచ్ ఎదురుగా ఉన్నవాళ్లకి ఇవ్వను. చేతికిచ్చి బరువు చూడమంటాను. మోయలేమని ముఖం చెబుతుంటే గొలుసు పక్కన పెట్టేసి, వాళ్లు వెంట తీసుకెళ్లే తాళం వెతుకుతాను. కాస్త బలహీనమైనదైనా సరే.

ఈ సైకిల్‌లో ఒక లోటు ఇంకా ఉంది. సీటు క్విక్ రిలీజ్ మార్చలేదు. సెలవుల్లో కొడుకు వచ్చి అదే సైకిల్ తొక్కుతాడు, ఇద్దరి ఎత్తూ వేరు, ప్రతిసారీ అలెన్ కీ వెతుక్కోవడం ఆయనకి ఇష్టం లేదు. సీటుని రాత్రి పూట పీకి పైకి తీసుకెళ్తున్నారు. టిఫిన్ దగ్గర మాత్రం దానికి కాపలా పాత నంబర్ కేబులే. నాలుగు చక్రాలూ తిప్పుతున్నానని చెప్పారు.